విషవాయువు వెలువడినప్పుడు గ్రామవాసుల కర్తవ్యము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినుటకు ఇంపైనది కాదు. పురాణ కాలక్షేపము నపేక్షించి రేడియో చుట్టును జేరిన వారికి విషవాయువుల ప్రసంగము రుచింపకపోవచ్చును. అయినను మన గ్రామములలో పదిమందికి మంచి చెడ్డలు చెప్పగలవారు మీరే గనుకను, అపాయము వచ్చిన రాత్రి ఊరివారు మొదట తట్టునది మీ తలుపే గనుకను, ఈ మాటలు మీ చెవిని వేయుట నా విధిగా భావించుచున్నాను.

మన తాతల నాడు పల్లెకు వచ్చు భయములు కంటికి గనబడునవి. నిప్పు పొగ జూపును. ఏరు పొంగుటకు ముందు నీటి రంగు మారును. గాలివానను ఆకాశము ముందుగనే చెప్పును. మశూచి, విషూచి వంటి వ్యాధులు కంటికి గానరాకున్నను, పొరుగూరికి వచ్చినవని వార్త మనకు ముందుగా చేరెడిది. ఇప్పుడు నేను చెప్పు భయము అట్టిది కాదు. మనము నిద్రించుచుండగా, ఊరి ప్రక్కను వెలసిన కర్మాగారమునుండియో, బాటమీద బోల్తాపడిన ట్యాంకరునుండియో, రొయ్యలకు చేపలకు మంచుగడ్డలు చేయు ఐసు ఫ్యాక్టరీనుండియో, కడకు మనకు మంచినీరిచ్చు నీళ్ల ట్యాంకు చెంతనున్న క్లోరిను సిలిండరునుండియో అది బయలుదేరును. దానికి రూపము లేదు. కొన్నింటికి వాసనయు లేదు.

1984వ సంవత్సరము డిసెంబరు 2వ తేది రాత్రి, తెల్లవారిన 3వ తేది, భోపాలు నగరమున జరిగిన ఘోరమును మీలో పెక్కురు ఎరుగుదురు. యూనియన్ కార్బైడు వారి పురుగుమందుల కర్మాగారమున ఒక ట్యాంకులో మిథైల్ ఐసోసయనేటు అను ద్రవము నిలువయుండెను. అందులోనికి నీరు చేరెను. నీరు చేరినంతనే ద్రవము తనలో తాను కాగి, సుమారు 40 టన్నుల విషము ఆవిరియై వెలువడెను. ఆ ద్రవమును చల్లగా నుంచవలసిన శీతలయంత్రము అంతకు కొన్ని నెలల ముందే ఆపివేయబడి యుండెను. ఊరివారికి వినబడు సైరను కొలదిసేపు మాత్రమే మ్రోగి ఆగెను. అది మరల మ్రోగునప్పటికి వాయువు పూరిండ్లలో నిండియుండెను. మిరపకాయలు నిప్పులలో వేసినట్లు ఘాటు తగిలి జనులు మేల్కాంచిరి. కన్నులు మండుచుండగా వీధులలోనికి వచ్చి, ముందు పోవువాని వెంబడి వెనుకవాడు, అందరును పరుగెత్తిరి. ఎచ్చటికి? గాలి ఎచ్చటికి పోవుచుండెనో అచ్చటికే. వాయువును వారును కలిసి ప్రయాణము చేసిరి. కర్మాగారములోని పనివారిలో పెక్కురు గాలి పోక గమనించి, దానికి ఎదురు దిక్కుగా తప్పించుకొనిరి. విషము దాపుననే యున్నను వారు బ్రదికిరి. దూరముననున్న వారు మరణించిరి. తొలుత ప్రభుత్వము వేసిన లెక్క 2,259 మంది. తరువాతి లెక్కలు అంతకు మిక్కిలి హెచ్చు. అయిదు లక్షలకు మించిన జనులకు ఆ గాలి సోకెను.

భోపాలు దూరపు ఊరని తలపవలదు. 2020వ సంవత్సరము మే 7వ తేది తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు, మన విశాఖపట్టణపు చెంత గోపాలపట్నమునకు దాపున ఆర్.ఆర్. వెంకటాపురమను గ్రామమునకు ఇదియే వచ్చెను. కరోనా వ్యాధి కారణమున దేశమంతయు తలుపులు మూసికొనియున్న కాలమది. ప్లాస్టికు వస్తువులకు వలయు స్టైరీను అను ద్రవము ఎల్.జి. పాలిమర్స్ వారి కర్మాగారమున ట్యాంకులలో నిలువయుండి, వేడెక్కి, ఆ వేడికి తనలో తాను గడ్డకట్ట మొదలిడి, గడ్డకట్టుటచేత మరింత వేడెక్కి, ఆవిరియై వెలువడెను. అన్నము ఉడుకుపట్టి మూత పైకి లేచిపోవునట్లని యనుకొనుడు. 12 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పారిపోవుచు త్రోవలోనే స్పృహ దప్పి పడినవారు పెక్కురు. కట్టుకొయ్యలనున్న పశువులు కట్టుకొయ్యలనే చచ్చెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి, అంత జరుగుచున్నను సైరను మ్రోగింపబడలేదని తేల్చెను. ఇది రెండవ మారు. భోపాలులో సైరను మ్రోగి ఆగెను, ఇచట అసలు మ్రోగనే లేదు. కావున సైరను మ్రోగినప్పుడు చూచుకొందమని మనము ఊరకుండరాదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యాంశము గాలి పోకను గూర్చినది.

తర్కము చదువుకొన్న వారికి మొదటి పాఠములోనే వచ్చును: వాయువునకు రూపము లేదు, స్పర్శచేత దానిని ఊహింపవలయును అని. బాల్యమున వల్లెవేయునప్పుడు ఇది మెదడునకు వ్యాయామమని తోచును గాని, వెంకటాపురము వంటి రాత్రి ఇదియే ప్రాణము నిలుపు విద్య. చెంప మీద గాలి ఎటనుండి తగులుచున్నది? రావియాకు ఎటు తలయూపుచున్నది? దేవాలయ ధ్వజస్తంభముపై గుడ్డ ఎటు వంగియున్నది? ఏమియు తెలియకున్నచో ఇంత దుమ్ము పిడికిట బట్టి విడువుడు.

కళ్లములో తూర్పారబట్టని రైతు మనలో లేడు. చేట నెత్తి గింజలు జారవిడిచినప్పుడు గింజ కాళ్లకడ పడును. ఊక గాలి వెంట పాయయై పోవును, పోయినకొలది వెడల్పగును. ఊకపాయలో నిలిచినవాడు ఏమి చేయును? పాయ వెంబడి పరుగెత్తునా? పరుగెత్తినచో ఊక వానితోడనే వచ్చును. చేట పట్టినవాని మీదికి ఎదురుగా పోవునా? అచటనే గదా ఊక దట్టము. ప్రక్కకు నాలుగడుగులు వేయును. అంతట ఊక వానికి తగులదు. విషవాయువు సంగతియు అంతియే. గాలికి అడ్డముగా, కుడికో యెడమకో, ఏది దగ్గరయో అటు నడచి పాయనుండి వెలికి రావలయును. వెలికి వచ్చిన పిమ్మట గాలి వచ్చు దిక్కునకు దూరముగా పోవలయును. ఇంత సులభమైన విషయము భోపాలు ప్రజలలో అధికులకు ఎవ్వరును ముందుగా చెప్పియుండలేదు.

విషవాయువును యుద్ధమునకు వాడిన కథయు ఈ మాటనే చెప్పును. 1915వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదిని బెల్జియము దేశమున ఈప్రు పట్టణము చెంత జర్మను సేనలు సిలిండరుల నుండి క్లోరినును గాలి వాటమున విడిచిరి. పచ్చని మబ్బువలె అది నేలనంటి పోయెను. ఆ మబ్బుతోపాటు వెనుకకు పరుగెత్తిన సైనికులును, కందకముల అడుగున పండుకొన్నవారును మిక్కిలి బాధపడిరి. గట్లపై నిలిచి మబ్బును తమను దాటిపోనిచ్చిన వారికి బాధ తక్కువయయ్యెను. ఏల? క్లోరిను మనము పీల్చు గాలికంటె రెండున్నర రెట్లు బరువు. బరువైన వాయువు నీటివలె పల్లమునకు పారును. స్టైరీను ఆవిరి అంతకంటెను బరువు, గాలికి మూడున్నర రెట్లు. కావున చెరువు గర్భము, కాలువ, నేలమాళిగ, పల్లపు వీధి పనికిరావు. మెరక కావలయును. పరుగు ఆపి నేలపై కూలబడిన పిల్లవానిని ఎత్తుకొనవలయును. మన మోకాటి యెత్తున దట్టముగానున్న విషము శిరస్సు ఎత్తున పలుచగా నుండును. పసివారు మనకంటె ముందు పడిపోవుటకు ఇది యొక కారణము. మంటలు లేచిన ఇంటి పొగ సంగతి దీనికి వ్యతిరేకమని మాత్రము మరువవలదు. వేడి పొగ పైకి పోవును గనుక అచట వంగి, ప్రాకి, వెలికి రావలయును.

అమ్మోనియా స్వభావముచేత గాలికంటె తేలిక. అయినను ఐసు ఫ్యాక్టరీ గొట్టము పగిలి ఒక్కమారు చల్లని ద్రవముగా వెలువడినప్పుడు అదియు మంచుపొగవలె నేలనంటియే సాగును. కోస్తా జిల్లాలవారు ఈ మాట గుర్తుంచుకొనవలయును.

ఊరు విడిచి పోవుటయా, ఇంటనుండుటయా అని పెద్దలు నన్నడుగుదురు. ఒక్క మాటలో చెప్పదగిన సమాధానము లేదు. విషము ఇంకను మీ వీధికి రాలేదు, పోవుటకు త్రోవ గాలికి అడ్డముగా నున్నది అన్నచో పోవుటయే మేలు. విషము అప్పుడే వీధిలో నున్నది, ఇల్లు గోడలు కప్పు గట్టిగానున్న డాబాయిల్లు అన్నచో లోపలనుండుటయే మేలు. తలుపులు కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు క్రుక్కి, ఫ్యానులు, కూలరులు, వంటింటి పొగను వెలికి లాగు పంకాలు ఆపివేసి, పై అంతస్తున్నచో పైకి పోయి, గాలి వీచు దిక్కునకు ఎడమైన గదిలో కూర్చుండవలయును. తాటాకు కప్పు, తడికల గోడలు గలిగిన ఇంట లోపలనుండుట నిరర్థకము. అట్టివారిని ముందుగనే పిలిచి గట్టియింట జేర్చుకొనుట ఇరుగుపొరుగుల ధర్మము. ఆ రాత్రి మడి, మైల, కులము అని గడప కడ నిలబెట్టువాడు మనుష్యుడు కాడు.

మరియొక సంగతి పెక్కురు ఎరుగరు. వెలుపల గాలి వీచి విషము పోయిన పిమ్మట, ఇంటిలోనికి సందుల గుండ చొరబడిన కొంచెము విషము లోపలనే నిలిచియుండును. అప్పుడు లోపల కూర్చుండుట అపాయము. కావున అధికారులు భయము తొలగెనని తెలిపినంతనే తలుపులన్నియు బార్లా తెరచి అందరును బయటకు రావలయును.

తడిగుడ్డను గూర్చి. ముక్కు, నోటిపై నాలుగు మడతల తడిగుడ్డ ఉంచుకొనుట మంచిదే. నీటిలో కరగు వాయువులను, అనగా అమ్మోనియా, క్లోరిను మున్నగువానిని, అది కొంతవరకు పట్టి యుంచును. స్టైరీను నీటిలో అంతగా కరగదు గనుక దాని విషయమున ఉపకారము తక్కువ. తడిగుడ్డ త్రోవ గడచుటకు తోడు మాత్రమే. దానిని నమ్ముకొని విషములో నిలువరాదు. కరోనా కాలమున కట్టుకొన్న గుడ్డ మాస్కులు వాయువుల నాపజాలవు.

ఇంతవరకు చెప్పినది ఊపిరికి హానిచేయు వాయువుల మాట. మండెడి వాయువుల మాట వేరు. 2014వ సంవత్సరము జూను 27వ తేది ఉదయమున తూర్పు గోదావరి జిల్లా నగరము గ్రామమున భూమిలోని గ్యాసు గొట్టము చిల్లిపడి వాయువు ఊరంతయు కమ్మెను. నిప్పు సోకినంతనే కొబ్బరితోటలు, ఇండ్లు, మనుష్యులు ఒక్కుమ్మడి మాడిరి. ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. కోనసీమ పెద్దలకు 1995లో పాశర్లపూడి కడ చమురు బావి బ్రద్దలై రెండు మాసములకు పైగా మండిన మంటయు జ్ఞాపకముండును. గ్యాసు వాసన వచ్చినప్పుడు పొయ్యి వెలిగింపరాదని అందరును ఎరుగుదురు. దీపపు మీట వేయుటయు, తీయుటయు కూడ రాదని ఎరిగినవారు తక్కువ. మీటలో పుట్టు నిప్పురవ్వ చాలును. వాయువు కమ్మిన తావున మోటారు సైకిలు త్రొక్కరాదు, ఫోను మాటలాడరాదు; నడచి దూరముపోయి అప్పుడు ఫోను చేయవలయును. దేవునికి దీపము వెలిగించు వేళ యైనను ఆ దినమున మానవలయును, దేవుడు కోపింపడు. విషవాయువును పోగొట్టుటకని వేపాకు పొగ, సాంబ్రాణి, కర్పూరము వేయుట కూడ ఇట్టిదే. వానివలన విషము పోదు, ఊపిరి మరింత ఆడదు, మండు వాయువైనచో ఇల్లే యెగిరిపోవును.

పల్లెలో ఏటేట జరుగుచున్నను వార్త కాని ప్రమాద మొకటి కలదు. పాడుబడిన నూతిలో పూడిక తీయుటకు ఒకడు దిగును. లోపల నిలిచిన చెడుగాలికి స్పృహ దప్పి పడును. వానిని తీయుటకు తమ్ముడు దిగును. తమ్ముని కొరకు మేనమామ దిగును. ఒక్క నూతియొద్ద మూడు శవములు. సెప్టిక్ ట్యాంకు కడను ఇదియే కథ. మన పూర్వులు త్రాటికి దీపము గట్టి దింపి, దీపమారినచో దిగెడివారు కారు. అది మంచి యెరుకయే గాని సంపూర్ణము కాదు. దీపము వెలుగుచున్నను కొన్ని విషవాయువులు ఉండవచ్చును, మండు వాయువున్నచో దీపమే ప్రేలుడునకు కారణము కావచ్చును. అందుచేత నిపుణులు వచ్చి వాయువును యంత్రముతో పరీక్షించి, దిగువానికి ప్రాణవాయువు సిలిండరును, నడుమునకు త్రాడును కట్టినగాని ఎవ్వరిని దిగనీయవలదు. పడినవాడు కన్నకొడుకైనను దిగరాదు. ఈ మాట చెప్పుట కఠినము. ఆ నూతిగట్టుపై నిలిచి తండ్రిని పట్టి ఆపుట మరింత కఠినము. ఆ పని చేయదగినవారు పెద్దలు మాత్రమే. కుర్రవాండ్ర మాటను ఆ తండ్రి వినడు, మీ మాటను వినును.

ఇట్టి అపాయము పొరపాటున గాక పగచేత కలుగుటయు కద్దు. 1995వ సంవత్సరము మార్చి 20వ తేది ఉదయమున జపాను రాజధాని టోకియోలో ఓం షిన్రిక్యో అను శాఖవారు భూగర్భ రైళ్లలో సారిన్ అను విషద్రవపు సంచులను వార్తాపత్రికలలో చుట్టియుంచి, గొడుగు మొనలతో పొడిచి దిగిపోయిరి. పదిమందికి పైగా మరణించిరి. వేలకొలది జనులు ఆసుపత్రులకు చేరిరి. ఆ పొట్లములను తొలగించిన స్టేషను ఉద్యోగులు ప్రాణములు విడిచిరి. ఇంకొక విశేషము వినుడు: రోగుల బట్టలకు అంటిన విషము ఆవిరియై, వారికి చికిత్స చేయుచున్న వైద్యులకు, నర్సులకు సోకి, వారి కన్నులు మసకబారెను. కనుక విషము సోకినవానికి చేయదగిన మొదటి చికిత్స బట్టలు విప్పుట. ఒంటికంటిన విషములో హెచ్చుపాలు బట్టలతోనే పోవును. తలమీదుగా లాగక, కత్తిరించియో చింపియో తీయవలయును. తీసినవానిని సంచిలో మూటగట్టి దూరముగా నుంచవలయును. మన స్త్రీలు సిగ్గుచేత ఇందుకు ఒప్పుకొనరు. అందుచేత ఏ ఇంటనైనను దుప్పట్లు, చీరెలు సిద్ధముగానుంచి, ఆడువారు నలుగురు చుట్టును నిలిచి చాటు కల్పింపవలయును. పొలమున పురుగుమందు ఒంటిమీద పడినవానికిని ఇదే చికిత్స.

బాంబు ప్రేలుడును గూర్చి ఒక్క మాట. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేది సాయంకాలమున హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరున సైకిళ్లపై నుంచిన బాంబులు రెండు, కొలది నిమిషముల లోపలనే, ఒకదాని కొకటి సమీపముననే ప్రేలెను. కావున ప్రేలుడు విన్నంతనే చూచుటకు మూగుట ప్రాణాంతకము. గాయపడినవారికి సహాయము చేయగలవాడు చేయవలయును, తక్కినవారు ఎడముగా పోవలయును. మన పల్లెలలో బస్సు బోల్తాపడినను, ట్యాంకరు బోల్తాపడినను బిందెలు, డబ్బాలు పట్టుకొని మూగువారిని చూచినప్పుడు నాకు భయమగుచుండును. ట్యాంకరు వెనుకను ప్రక్కలను నారింజ వన్నె పలకపై అంకెలుండును. ఆ అంకెలు అందులోనున్న సరుకేదో తెలుపు గుర్తులు. దూరమునుండి చూచి, ఆ అంకెలను వ్రాసికొని, 112 సంఖ్యకో అగ్నిమాపకుల 101 సంఖ్యకో ఫోనుచేసి చెప్పుడు. వారు ఏమి తెచ్చుకొని రావలయునో ఆ అంకెలచేత గ్రహింతురు. గాయపడినవారి కొరకు 108.

కన్నులు మండినచో నలుపరాదు. మంచినీటితో పావుగంటకు తక్కువకాకుండ కడుగుచునే యుండవలయును. కంటిలో ఆముదము, చనుబాలు, పువ్వుల రసము పోయరాదు. స్పృహ లేనివానికి నీరుగాని, మజ్జిగగాని, చింతపండు రసముగాని త్రాగింపరాదు; ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలయును. వాంతి చేయింపరాదు. బాగుగానున్నాను, పనికి పోయెదనను వానిని పోనీయరాదు. క్లోరిను వంటి వాయువులవలన ఊపిరితిత్తులలో నీరు చేరుట కొన్ని గంటల తరువాత గాని పైకి తెలియదు; ఆ గంటలలో కాయకష్టము చేసినవాడు రాత్రికి ఆయాసపడును. ఒక దినము విశ్రాంతియు, వైద్యుని పరీక్షయు కావలయును. కాలము చిక్కినచో పశువుల పలుపులు విప్పుడు, చిక్కకున్నచో వానికొరకు వెనుదిరుగవలదు. మూతలేని నీరు, ఆరుబయటి కూరలు, ఆ పశువుల పాలు అధికారులు పరీక్షించి చెప్పువరకు వాడవలదు.

వదంతులను గూర్చియు చెప్పవలసియున్నది. విశాఖలో ఆ మే 7వ తేది రాత్రియే, మరల వాయువు వెలువడెనని వార్త పుట్టి, దూరపు పేటలవారు కూడ పిల్లలతో వీధులలోనికి వచ్చి నడచిరి. ఫోనులలో వచ్చు మాట ప్రతియొకటియు నిజము కాదు. ప్రభుత్వము పంపు హెచ్చరికయు ఆ ఫోనులోనికే వచ్చును గనుక అంతయు అబద్ధమనియు త్రోయరాదు. ఎవరు పంపిరో చూచి, రేడియో విని, తహసీలుదారు కచేరికో పోలీసు స్టేషనుకో ఫోనుచేసి నిశ్చయించుకొని దండోరా వేయించుడు.

ఇప్పుడు ఊరిలో ముందుగా చేయదగిన పని. ఒక కాగితము తీసికొని, ఊరికి రెండు కోసుల లోపల విషద్రవ్యములుండు తావులన్నియు వ్రాయుడు: కర్మాగారము, ఐసు ఫ్యాక్టరీ, కోల్డు స్టోరేజి, మంచినీటి పథకము, గ్యాసు గొట్టము పోవు దారి. ఒక్కొక్క తావునుండి ఏ గాలికి ఏ వీధికి అపాయమో, ఆ వీధివారు ఏ డొంకన, ఏ మెరకకు పోవలయునో నిశ్చయింపుడు. పైరగాలి దినములలో ఒక త్రోవ, పడమటిగాలి దినములలో మరియొక త్రోవ కావలసి యుండును. రామమందిరపు గంటయో, మసీదు మైకో, చర్చి గంటయో, ఏదైన సరే, ఆపదకు మాత్రమే మ్రోగు ఒక గుర్తు ఏర్పరచి పిల్లలకు కూడ నేర్పుడు. పిమ్మట ఇంటింటి లెక్క తీయుడు. చెవులు వినబడని ముసలమ్మ ఏ యింట నొంటిగా నున్నది? మంచము దిగలేనివారెవరు? బాలింతరాలెవరు? ఒక్కొక్కరికి ఇద్దరేసి యువకులను పేరుపెట్టి నియమింపుడు. అందరును చూచుకొందురన్న మాటకు అర్థము ఎవరును చూడరనియే. వెంకటాపురమున ఆ తెల్లవారుజామున పోలీసులు, యువకులు తలుపులు పగులగొట్టి లోపల పడియున్నవారిని మోసికొని రావలసివచ్చెను.

భోపాలు తరువాత మన దేశమున చట్టములు వచ్చెను. 1986లో పర్యావరణ సంరక్షణ చట్టము వచ్చెను. దాని క్రింద 1989లో అపాయకర రసాయనముల నియమములు ఏర్పడెను. ఆ నియమముల ననుసరించి, పెద్ద ప్రమాదమునకు అవకాశముగల కర్మాగారము చుట్టుప్రక్కల వారికి, ఎట్టి ప్రమాదము కలుగవచ్చునో, కలిగినప్పుడు వారేమి చేయవలయునో, ఏమి చేయరాదో తెలుపవలయును. వెలుపలి గ్రామముల రక్షణకు జిల్లా అధికారులు ఒక ప్రణాళిక సిద్ధపరచి, ఏడాదికి ఒక్కమారైనను దానిని అభ్యాసము చేయించి చూడవలయును. ఇది వారు మనకు చేయు దయ కాదు. మీ ఊర అట్టి అభ్యాసము జరిగినట్లు మీరెరుగుదురా? ఎరుగనిచో పంచాయతి సభలో తీర్మానము చేసి కలెక్టరుగారికి అర్జీ వ్రాయుడు. అందులో మూడు ప్రశ్నలు చాలును: మా ఊరి చెంత నిలువయున్న ద్రవ్యమేది, ఎంత? దాని సైరను మా వీధులన్నిటికి వినబడునా? అభ్యాసము ఎప్పుడు? అర్జీపై తీర్మానపు సంఖ్యయు తేదియు వేసి, స్పీడు పోస్టున పంపి, రసీదును నకలుతో కూడ పంచాయతి దస్త్రములో నుంచుడు. ఆరు వారములలో బదులు రాకున్నచో ఆ రసీదును చూపియే రెండవ అర్జీ వ్రాయవలసియుండును.